అల్మెడా పెట్టె ఉన్నచోటే ఉంది

సోదరుడు ఆర్విడ్‌కు,

దేవుని కృప మీకు తోడుగా ఉండుగాక. ఫోన్‌లో దారి చూసుకుంటూ, ఎవరో దాచిన పెట్టెలను వెదికే మీ ఆటలో, మా నెబ్రాస్కా పెట్టెల మంచిచెడ్డలు చూసేది మీరేనని విన్నాను. మా సంఘంలోని అల్మెడా అక్క దేవదారు గుట్ట మీద దాచిన పెట్టె కనబడటం లేదని కొందరు రాశారట. ఈ నెలాఖరులోగా ఆమె వెళ్లి చూడకపోతే పటంలోంచి తీసేస్తామని మీరు హెచ్చరించారు. ఆమె కాళ్లు పడిపోయాయి. వెదికినవాళ్లు రాసే కబుర్లే ఇప్పుడు ఆమెకు తోడు. అందుకని గుట్ట నేనెక్కాను.

కంచెకు కొత్త డబ్బీ ఒకటి వేలాడుతోంది. అసలుది దొరకని ఎవడో తన డబ్బీ తగిలించి, దొరికిందని రాసుకుపోయాడు! మోషే కొండ దిగివచ్చేదాకా ఓపిక పట్టలేక, దేవుడికి బదులు బంగారు దూడను పోతపోసుకున్న జనం ఇంకా ఉన్నారు, సోదరా! దాన్ని పీకి జేబులో వేసుకున్నాను.

అసలు పెట్టె మాత్రం నాకూ దొరకలేదు. అలసిపోయి, కూలబడి, అక్కకు ఫోన్ చేశాను.

“ఎక్కడ కూర్చున్నావు తమ్ముడూ?”

“పలకరాయి మీద అక్కా.”

“అయితే లే.”

రాయి కింద పెట్టె పొడిగా, భద్రంగా ఉంది. నేను స్తోత్రమని కేకపెడితే ఆమె నవ్వింది.

“దొరికిందని నీ పేరు రాసుకునేవు సుమా! అడిగి తెలుసుకుంటే దొరికినట్టు కాదు.”

రాయి సంగతి మీలోనే ఉంచుకోండి. పెట్టెను పటంలోంచి తీయకండి. నాకు దొరికిందని నేను రాయడం లేదు. ఉన్నదని సాక్ష్యమిస్తున్నాను.

ఇట్లు,
గుట్ట కింది మందిరంలో వాక్యం చెప్పేవాడు