ఇంకా పొద్దుంది

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మునగాలలో మన టిఫిన్ సెంటర్‌ను యాదమ్మకు అప్పజెప్పి, సాయంత్రం వాడపల్లి వచ్చాను.

"దోశ పెనం యాదమ్మకిద్దాం. పొద్దుండంగనే వాడపల్లి పోయి, మూసీ కృష్ణల గలిసేది సూసొద్దాం" అనేదానివి. సగం కోసిన ఉల్లిగడ్డతో పెనం రుద్దడం దగ్గర్నుంచి ఆమెకు అన్నీ నేర్పావు కూడా. తీరా బయల్దేరేసరికి హైవే మీద ఏదో ఒక బస్సు ఆగేది. చీర కొంగు దోపుకుని మళ్లీ పెనం దగ్గరికి ముందుగా నడిచేది నువ్వే.

ఇక్కడ మెట్ల మీద కూర్చున్నాను. కృష్ణలో కలిశాక కూడా మూసీ నీళ్లు కొంతదూరం వేరే రంగులోనే పోతున్నాయి. నీకు చూపించాలనిపించింది. ఉండబట్టలేక యాదమ్మకు ఫోన్ చేశాను.

"బస్సొచ్చింది, తిన్నరు, పోయిన్రు. వదిన నేర్పినట్టే జేస్తున్ననన్నా, నువ్వు పరేషాన్ గాకు. ఇంకా పొద్దుంది గదా, జర కూసోని రా" అంది.

నిజమే, ఇంకా చాలా పొద్దుంది. పెనం అప్పజెప్పాను, గల్లాపెట్టె అప్పజెప్పాను. ఈ పొద్దును ఎవరికి అప్పజెప్పాలో నువ్వే చెప్పు.