దూరపు కాలేజీయే పెట్టుకో

పిడుగూ, కూర పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. ఇంజనీరింగుకి ఏ కాలేజీయో సాయంత్రంలోగా చెప్పాలి కదా, నా కోసం ఆగకు.

కళ్లెదుట ఉంటావని దగ్గరి కాలేజీయే రావాలని దేవుడికి మొక్కుకున్నాను. నిన్న అక్కడ నేనూ నాన్నా గోడల రంగు చూసి మురిసిపోతుంటే, నువ్వు మాస్టారిని "మొదటి ఏడాది మమ్మల్ని యంత్రాలు ముట్టుకోనిస్తారా?" అని అడిగావు. ఆయన క్యాంటీన్ చూపిస్తాను రమ్మన్నారు. దూరపు కాలేజీవాళ్లేమో ఫోన్లో "వచ్చిన నెలలోనే మోటారు విప్పిస్తాం" అన్నారు. ఇంత తెలివి నా కడుపున ఎలా పుట్టిందే!

దూరందే పెట్టుకో. నాన్నకి నేను చెప్తాను.

మొక్కు వెనక్కి తీసుకోవచ్చో లేదో తెలియదు. పొద్దున దీపం పెట్టి తీసేసుకున్నాను. ఆ దేవుడూ పిల్లలున్నవాడే, ఏమనుకోడులే.

అమ్మ