నీ సీట్లో బియ్యం బస్తా

అన్నా,

నీ సంవత్సరీకం అయిన మూడో రోజు కారు బయటికి తీశాను. సంతోష్‌నగర్ మలుపు దాటకముందే వెనక భాగం పడవలా ఊగింది. షాక్ అబ్జార్బర్లు పోయాయి.

ఈ కారుకు దాని సొంతవి పట్టవు. జీపువి పట్టేలా నువ్వు వెల్డింగ్ చేసి పెట్టావు కదా. ఉస్మాన్‌గంజ్ చుట్టుపక్కల రెండు పూటలు తిరిగితే ఒక జత దొరికింది.

వాకిట్లో జాకీ మీద బండిని లేపి నేనే బిగించడం మొదలుపెట్టాను. మెకానిక్ సలీం భాయ్, నీ దోస్తే, చూసి నా చేతిలోంచి పానా లాక్కున్నాడు.

"గాల్ల ఉండంగ బిగిస్తే రబ్బర్లు మెలివడి నెలకే చినుగుతయ్ భాయ్. బండి దించి, మనుషుల బరువు మీదనే బిగియ్యాలె. మీ అన్న ఇంటోళ్లందర్ని కూసోబెట్టి బిగించెటోడు, యాద్ లేదా?"

గుర్తుంది. అప్పట్లో వెనక కూర్చుని విసుక్కునేవాణ్ణి.

జాకీ దించాను. అమ్మ, నీ పిల్లలిద్దరూ వెనక ఎక్కారు. వదిన ఎప్పటిలాగే ముందు ఎడమవైపు కూర్చుంది.

"స్టీరింగ్ కాడ గూడ బరువు కావాలె," అన్నాడు సలీం భాయ్ మెల్లగా. "నేను కూసోనా, భాభీ?"

"వద్దన్నా. లోపల విప్పని బియ్యం బస్తా ఉంది, తెచ్చి పెట్టుండ్రి. ఆయనంత ఉంటది."

ఇద్దరం మోసుకొచ్చి నీ సీట్లో పెట్టాం. నేను కిందికి దూరి బోల్టులు బిగించాను. వెనక నొక్కి చూస్తే బండి ఊగలేదు. బస్తా దింపబోతే వదిన, "ఉండనీ, రేపు చూద్దం," అంది.

సాయంత్రం డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు బియ్యంతో జావ కాచింది. అందరం తాగాం. బస్తా మాట ఎవరూ ఎత్తలేదు.