వెనక చక్రంతో శ్రీవారి యుద్ధం

మానవ ప్రయత్నానికి లొంగనివి లోకంలో రెండే: ఒకటి మహాపర్వతం, రెండవది మన కారు వెనక కుడి చక్రం.

శ్రీవారు నిద్ర లేవగానే ముందు భోంచేయవలెను. పప్పుచారు స్టవ్ మీద ఉంది. యుద్ధం తర్వాత కొనసాగించవచ్చు. విప్పిన నాలుగు నట్లూ స్టీలు పళ్ళెంలో భద్రంగా ఉన్నాయి. సుత్తి మాత్రం ముట్టవద్దు. పొద్దుటి మోతకు ఎదురింటివారు మళ్ళీ స్కడ్ క్షిపణి పడిందనుకొని గ్యాస్ మాస్కులు వెతుక్కున్నారు. మీరు పడుకున్నాక పక్కింటి బాషా వచ్చి చక్రాన్ని మడమతో నాలుగు తన్నులు తన్ని, "వదినా, అన్నను లేపొద్దు. ఇది ఇంగ రాదులే" అని కుంటుకుంటూ వెళ్ళాడు.

టాక్సీ మాట ఎత్తవద్దు. కువైట్ యుద్ధానికి జడిసి ఊరికి పంపిన మన మంజరి, బాషా భార్య సల్మాతో సాయంత్రం ఆరున్నర విమానంలో దిగుతోంది. "నాన్న కారులోనే ఇంటికొస్తా" అని అది రాసిన ఉత్తరం మూడు రోజులుగా మీ చొక్కా జేబులోనే ఉందని నాకు తెలుసు. అరిగిన బ్రేకులు మార్చందే పిల్లను ఎక్కించుకోనన్న మీ పంతం నాకు నచ్చింది. "మెకానిక్కెందుకు, నేను లేనా?" అన్నదే నచ్చలేదు.

పేపర్లు దిద్దడానికి స్కూలుకు వెళ్తున్నాను. వ్యాన్ హారన్ కొడుతోంది. ఐదుకల్లా వస్తాను.

తా.క. ఇప్పుడే ఆ చక్రాన్ని తడిగుడ్డతో తుడిచాను. దసరా పూజకు మీరు మెత్తిన పసుపు ముద్ద మీద కువైట్ చమురు బావుల మంటల మసి పేరుకొని గట్టిపడింది. దాని కింద ఐదో నట్టు ఇంకా బిగిసే ఉంది.