కునెగుండా చోటు

ప్రియమైన తెయోఫిలక్కకి,

సోమవారం బండి కట్టించుకుని లుబ్లిన్ వచ్చేస్తున్నాను. నాకొక మంచం వేయించు. ఇక ఈ మనిషితో నా వల్ల కాదు.

సెప్టెంబరు మొదలైన దగ్గర్నుంచీ మా ఆయన సెవెరిన్ పొద్దున్నే రంగుల పెట్టె తగిలించుకుని అడవికి పోతున్నాడు. ఎక్కడికని అడిగితే "చెప్పకూడదు సలోమియా" అంటాడు. పెళ్లానికి చెప్పకూడని చోటు ఏముంటుందక్కా? నిన్నటికి బొమ్మ పూర్తయింది. వార్సా ప్రదర్శనకు పంపుతాడట. మనిషన్నవాడు లేని అడవి. ఓక్ చెట్లు, నాచు పట్టిన బండ, దాని మీద కాస్త ఎండ. ఎంత బాగుందో, చూడగానే కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత బండ పక్కన చూశాను. గోధుమరంగు టోపీల లావుపాటి పుట్టగొడుగులు, గుంపుగా!

ఈ చుట్టుపక్కల అవి కునెగుండా బుట్టలో తప్ప కనబడవు. ఆ విధవరాలు ఎక్కడ ఏరుతుందో తెలుసుకోవాలని ఊరంతా వెతికి అలిసిపోయింది. క్రిస్మస్ రాత్రి పుట్టగొడుగుల పులుసుకు అందరం ఆవిడ గుమ్మం ముందు నిలబడాల్సిందే. ఆవిడ తన సొంత చెల్లెలికి కూడా చూపించని చోటు నా మొగుడికి చూపించిందంటే ఇంకేం దాచి ఉంటుంది? నవ్వితే ఆవిడ బుగ్గలు సొట్టలు పడతాయి. నాకు పడవు. కడుపు మండిపోతోందక్కా.

రేపు ఆ బొమ్మ ఆవిడ మొహాన పెట్టి అడిగేస్తాను. ఆ తర్వాతే ప్రయాణం.

నీ సలోమియా

* * *

తెయోఫిలక్కా,

మంచం వేయించకు.

నేను బొమ్మతో బయల్దేరితే, "రంగు తడారలేదే!" అని లబలబలాడుతూ మా ఆయన పెట్టెతో సహా వెనకే వచ్చాడు. కునెగుండా తలుపు తీసింది. నేను నోరు తెరిచేలోపే బొమ్మ చూసి నెత్తి బాదుకుంది.

"ఏవయ్యా సెవెరినూ! నా చోటు ఎవరికీ చెప్పనని శిలువ ముట్టుకుని ఒట్టేశావు గదయ్యా!"

"చెప్పలేదమ్మా. నా పెళ్లానికి కూడా చెప్పలేదు, కావాలంటే అడుగు."

"చెప్పకుండా గీసి వార్సా పంపుతున్నావా? రేపు ఊళ్లకు ఊళ్లు బుట్టలేసుకుని దిగుతాయి!"

అప్పుడు తెలిసింది. ఎండ బాగుందని ఈయన కూర్చున్నది ఆవిడ చోట్లోనట. పుట్టగొడుగులకని వచ్చిన ఆవిడ ఈయన్ని చూసి హడలిపోయి, అక్కడికక్కడే ఒట్టు వేయించుకుంది. అంతకు మించి ఏమీ లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే, నా కంటే ఆవిడకిచ్చిన మాటే ఎక్కువైందా అని మళ్లీ మండింది కూడా.

ఆవిడ నడుం మీద చేతులేసుకుని నిలబడితే, ఈయన వంటింటి బల్ల మీదే పుట్టగొడుగుల్ని ఎండుటాకుల రంగుతో కప్పేశాడు. "ఆ మూల ఇంకోటి కనబడుతోంది, కప్పు కప్పు!" అని ఆవిడ గదమాయింపు. తర్వాత నా చేతా శిలువ ముట్టించింది. "చూసేశావు, ఇంక నీ దగ్గర దాచి ఏం లాభం, పద" అని మర్నాడు వెంట తీసుకెళ్లింది.

దీంతో ఒక ఎండు పుట్టగొడుగుల దండ పంపుతున్నాను. పులుసులో వేసుకో. ఎక్కడివని మాత్రం అడగకు. నువ్వు నా తోడబుట్టినదానివే, అయినా చెప్పను.

నీ సలోమియా