కొండవైపు గోడ

సెప్టెంబరు 2004, మంగళవారం

ఈ వానలకు ఇంటి వెనక కొండ మట్టి మళ్లీ జారింది. వంటగది కిటికీ సగం దాకా పూడిపోయింది. అడ్డుగోడ కట్టుకోవడానికి అనుమతి అడిగితే, కొండ మీద మా పైఇంటివాళ్లకు అభ్యంతరం లేదని సంతకం తెమ్మన్నారు మున్సిపల్ ఆఫీసులో.

పైఇంటి పైడమ్మకూ మాకూ కుళాయి గొడవప్పటి నుంచి మాటల్లేవు. అయినా సాయంత్రం, ఈయన వద్దంటున్నా, మెట్లెక్కి వెళ్లాను. ఆమె కూర్చోమనలేదు.

"మీరు గోడ కట్టీసినారంటే మా నీలు ఎటెల్తాయమ్మా? ఎనకాల నిలబడిపోయి మా పునాది కూలిపోద్ది," అంది.

పంతం కొద్దీ అంటోందనుకున్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. గుమ్మం నుంచి మంచం కింద దాకా నేల బీట తీసి ఉంది. నా వేలు అందులో దూరింది. మా పెరట్లో పడుతున్న మట్టి ఆ ఇంటి కిందిదేనన్న ఆలోచన నాకు ఇన్నాళ్లూ రాలేదు.

"గోడకి కన్నాలు పెట్టిస్తాను పిన్నీ. నీళ్లు మా పెరట్లోంచే పోతాయి," అన్నాను.

"మీ ఆయన ఒప్పుకుంతాడేటి?"

ఒప్పుకుంటారన్నాను. సంతకం పెట్టింది.

ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల నీళ్లు మన పెరట్లోకి ఎందుకని, అన్నం తినకుండానే పడుకున్నారు. రేపు మళ్లీ అడగాలి. ఒప్పుకున్నా అనుమతి ఎప్పటికొస్తుందో, గోడ ఎప్పటికి లేస్తుందో.

వాన మొదలైంది. పిల్లల్ని ముందు గదిలోకి మార్చి పడుకోబెట్టాను. పైడమ్మకు ఉన్నది ఆ ఒక్క గదే.