మైకులో మట్టిగూడు

ఏంజెల్,

అంగన్‌వాడీల ధర్నా ఉంది, గవర్నర్‌పేట వెళ్తున్నాను. అన్నం, పప్పు స్టవ్ పక్కన పెట్టాను. వేడి చేసుకుని తిను, నా కోసం ఆగొద్దు.

వరండాలో మేకుకి వేలాడుతున్న నా చేతిమైకు ముట్టుకోవద్దు. దాని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కడుతోంది. చిన్న కుండలా ఉంది. పొద్దున్నుంచి పచ్చపురుగుల్ని తెచ్చి లోపల కుక్కుతోంది, పుట్టబోయే పిల్లకి తిండి. ఇక మూతి మూయడానికి దానికి తడిమట్టి కావాలి. కుళాయి దగ్గర నేల ఎండకుండా చెంబుడు నీళ్లు పొయ్యి.

నీ మొగుడు ఆటోనగర్ నుంచి రాగానే స్క్రూడ్రైవర్ తీస్తాడు. కిందటేడు కిటికీ మీది గూడు వాడే గీకేశాడు. ఆ పూట నువ్వు అన్నం తినలేదు, నేను చూశాను. ఈసారి ముట్టుకుంటే అమ్మ ఊరుకోదని చెప్పు.

ఇంట్లో కందిరీగ గూడు కడితే కోడలు నీళ్లోసుకుంటుందని పక్కింటి బాలసరస్వతి గారు అంటారు. ఉత్త చాదస్తం. నేను నమ్మను. నువ్వూ నమ్మకు, డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర మర్చిపోకుండా వేసుకో.

అత్తయ్య

మైకేదని సంఘం వాళ్లు ఫోన్ చేస్తే రిపేరుకిచ్చామని చెప్పు. ఇవాళ్టికి గొంతుతోనే అరుస్తాను.